నాగలోయ అంచున మాంత్రికుడి విస్తరి

ఈ కథ మీకు తెలుసు. తెలియదని బుకాయించకండి. దుష్ట మాంత్రికుడొకడు రాకుమారిని భుజాన వేసుకుని పారిపోతాడు. వీరాధివీరుడైన రాకుమారుడు తెల్లగుర్రమెక్కి వెంటపడతాడు. చివరికి మాంత్రికుడి తల తెగి దొర్లుతుంది, పెళ్ళిబాజాలు మోగుతాయి, మీరు లేచి వెనక అంటిన దుమ్ము దులుపుకుని ఇంటికి పోతారు.

ఆ దొర్లాల్సిన తల నాదే. ప్రస్తుతానికి మెడ మీదే ఉంది. ఉన్నంతసేపు నా వైపు కథ కూడా వినండి, మీ సొమ్మేం పోదు.

నా పేరు ఘటకంఠుడు. పేరు విని జడుసుకోకండి, తిండి ఎక్కువ తింటానని గురువుగారు పెట్టిన పేరది. ఆయన దగ్గర పన్నెండేళ్ళు చదవాల్సింది. ఆరో ఏట, ఆయన కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉండగా, ఆయన జడను ఆవుతోకకు ముడేశాను. ఆవు ఒకవైపు పరుగెత్తింది, గురువుగారు దాని వెనక పరుగెత్తారు, నేను రెండోవైపు పరుగెత్తాను. ఇప్పటిదాకా ఆగలేదు. అందుకే నాకు ప్రతి మంత్రమూ సగమే వచ్చు.

ఆ సగం చదువే శోణగిరి మహారాజు చిత్రభానుడి ప్రాణం తీసింది. ఆయన తనకు కాబోయే అల్లుడు, యువరాజు అరిందముడితో వేటకు వచ్చాడు. నాకు పొద్దుపోక దుప్పి వేషం కట్టాను. కొమ్ములొచ్చాయి, తోకొచ్చింది, ఒంటినిండా మచ్చలొచ్చాయి, మీసాలు మాత్రం పోలేదు. ఇంకా మంచిదే అనుకున్నాను. మీసాల దుప్పిని చూశానని రాజుగారు నిండుసభలో చెబితే మంత్రుల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ ఆయన ముందు నుంచి గెంతాను. ఆయన గుర్రాన్ని అదిలించాడు. పరివారం వెనకబడిపోయింది. వెదురుపొదల నడుమకు వచ్చాక 'హా' అని కేక వినబడింది. తిరిగి చూస్తే రాజుగారి వీపులో నెమలీక కట్టిన బాణం. ఆ బాణం వేసింది అరిందముడు.

తండ్రి వెనకే వచ్చిన రాకుమారి విద్రుమ అదంతా చూసింది. రెండో బాణం ఆమె కోసం వింట్లో కూర్చుంది. నేను ఆమె కంటబడకుండా పొదచాటున దుప్పితోలు విడిచి, ఆమెను గుర్రం మీద నుంచి లాగి, భుజాన వేసుకుని పరిగెత్తాను. పొద్దువాలేసరికి ఊరూరా దండోరా: మాంత్రికుడు ఘటకంఠుడు రాజును చంపి రాకుమారిని ఎత్తుకుపోయాడు!

మీరు విన్న కథ ఆ దండోరాయే.

*

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మేమిద్దరం నాగలోయ అంచున నిలబడ్డాం.

నాగలోయంటే మామూలు లోయ కాదు. భూదేవి ఆవులించి నోరు మూయడం మరిచిపోయిన చోటు. అటూ ఇటూ పచ్చినెత్తురు రంగు రాతిగోడలు. గోడల బీటల్లో ముళ్ళు విచ్చుకున్న నాగజెముళ్ళు, ఆ ముళ్ళ మీద పగడాలు చల్లినట్టు ఎర్రటి పళ్ళు. లోయ మధ్యన గద్దలు గిరికీలు కొడుతుంటే వాటి వీపులు మన కళ్ళకి కిందుగా కనిపిస్తాయి. ఎక్కడో అడుగున, జారిపోయిన వెండి మొలనూలులా ఒక నది. ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా రెండేసి రాతికంబాలు, వాటి మధ్య అడవితీగలు పేనిన వంతెన. మనిషి నడిచే వంతెన కాదది, మనిషి దేవుడికి మొక్కుకుంటూ పాకే వంతెన. మూడు వందల అడుగుల పొడవు. ఒక్కసారికి ఒక్కరే.

అవతలి ఒడ్డు వజ్రదుర్గం వాళ్ళది. అది ఏలేవాడు విద్రుమ మేనమామ. ఆయన ముందు నిలబడి ఈ పిల్ల నోరు విప్పితే అరిందముడి కథ ముగుస్తుంది. ఆ ఒడ్డు చేరకపోతే ఈ పిల్ల కథే ముగుస్తుంది.

"నా మడమ వాచిపోయింది మాంత్రికుడా. గబగబా నడవలేను" అంది విద్రుమ.

"గబగబా నడిస్తే ఇంకా గబగబా కింద పడతావు. మెల్లగానే పో అమ్మడూ. వెనక్కి చూడకు."

"మరి నువ్వో?"

"నాకు భోజనం వేళయింది."

ఆ మాట నవ్వులాటకే అన్నాను. ఆమె వంతెన మీద పది అడుగులు వేసిందో లేదో, నా వెనక గుట్ట మీద నలభై గుర్రాలు దుమ్ము లేపాయి. ముప్పై మంది శోణగిరి సైనికులు, రాకుమారిని రక్షించడానికి వచ్చామని నిజంగానే నమ్మినవాళ్ళు. పది మంది అరిందముడి సొంత మనుషులు, వాళ్ళకు నిజం తెలుసు.

ముందుగా వచ్చినవాడి గుర్రాన్ని తప్పించుకుని నా ఇనుపకట్ల దుడ్డుకర్ర తిప్పాను. వాడి శిరస్త్రాణం, దాని కింది తల కలిసి ఒకే చప్పుడు చేశాయి. రెండోవాడు కత్తి దూసేలోగా వాడి మోకాలు విరిగింది, వాడు మూడోవాడి గుర్రం కాళ్ళ కింద పడ్డాడు, మూడోవాడు గుర్రంతో సహా బోల్తాపడి లోయలోకి జారాడు. వాడి అరుపు చాలాసేపు వినబడింది, గుర్రం అరుపు ఇంకాసేపు వినబడింది. అగ్నిమంత్రం చదివాను. మంట రాలేదు, పొగ వచ్చింది. సగం చదువు! ఆ పొగలో నాలుగోవాడి ఈటె నా ఎడమభుజంలో ఇంత లోతున దిగింది. ఈటెతో పాటే వాణ్ణి దగ్గరికి లాక్కుని, నా నెత్తితో వాడి ముక్కు పగలగొట్టి, వాడి బాకుతోనే వాడి గొంతు కోశాను.

ఇంకా ముప్పై ఆరు మంది. నాకు పనిచేసే చెయ్యి ఒకటే. వెనక్కి చూస్తే విద్రుమ ఇంకా మూడోవంతు కూడా దాటలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నిజంగానే భోజనం వేళయిందని.

శోణగిరి సీమలో ఒక ఆన ఉంది. పూర్వం ఏడేళ్ళ కరువొచ్చి, పిడికెడు గింజల కోసం అన్నదమ్ములు ఒకరినొకరు పొడుచుకున్నారట. అప్పటి పెద్దలు కట్టడి చేశారు: విస్తరి ముందు కూర్చున్నవాడి మీద ఆయుధం ఎత్తకూడదు, వడ్డించిన విస్తరిని దాటకూడదు. దాటినవాడి ఇంట మళ్ళీ గింజ మొలవదు.

నేను రెండు కంబాల నడుమ, సరిగ్గా వంతెన మొగదల బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. మూట విప్పి అడ్డాకుల విస్తరి పరిచాను. జొన్న సంగటి ముద్ద, చింతచిగురు పప్పు, మూడు ఉప్పుచేపలు వడ్డించుకున్నాను. మజ్జిగ దొప్ప పక్కన పెట్టుకున్నాను. భుజంలో ఈటె అలాగే ఉంది. దాన్ని పీకడానికి చెయ్యి ఖాళీ లేదు.

శోణగిరి రౌతులంతా ఒక్కసారిగా కళ్ళేలు బిగించారు.

"రండి నాయనా, రండి. అందరికీ చాలదు గానీ వాసన మాత్రం ఊరికే" అన్నాను.

శోణగిరి సైన్యాన్ని నడిపే దళవాయి మల్లమనాయకుడు గుర్రం దిగాడు. అరవై ఏళ్ళ మనిషి. మొహం మీద మచ్చలు లెక్కపెడితే ఆయన చేసిన యుద్ధాల లెక్క తేలుతుంది. "ఏందయ్యా ఇది, యుద్ధం నడిమిన ఆకేసుకున్యావు? సిగ్గు లేదూ?" అన్నాడు.

"సిగ్గు పడితే కడుపు నిండుతుందా నాయకా? పప్పులో కాస్త పులుపు ఎక్కువైంది. రుచి చూస్తావా?"

అరిందముడి అంగరక్షకుడొకడికి మా మాటలు నచ్చలేదు. వాడిది ఈ సీమ కాదు, ఈ ఆన వాడికి పట్టదు. గుర్రం మీద నుంచే బల్లెం ఎత్తి నా గుండెకు గురిపెట్టాడు. బల్లెం చేతిలో నుంచి వదలనేలేదు, దళవాయి కత్తి వాడి చేతిని మోచేతి దగ్గర తెగ్గొట్టింది. చెయ్యీ బల్లెమూ కలిసి నేల మీద పడ్డాయి.

"తినేటోడి మీద ఈటె ఎత్తుతావురా? నువ్వు పోతావు మీ ఊరికి. కరువు మాకు రాదా?" అని అరిచి దళవాయి వాణ్ణి జుట్టు పట్టి గుర్రం మీద నుంచి లాగి, విస్తరికి దూరంగా ఈడ్చుకుపోయి, అంచు మీద నుంచి కిందకు తోశాడు. అరిందముడి మిగతా మనుషుల చేతులు ఒరల మీద నుంచి వాటంతట అవే జారాయి.

నేను చేపముళ్ళు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను. చేపను ఇంత శ్రద్ధగా తిన్నవాడు మీ ఊళ్ళో ఎవరూ ఉండడు.

అప్పుడు సైనికుల్ని చీల్చుకుంటూ అరిందముడు ముందుకొచ్చాడు. అందగాడు, దాంట్లో దాచేదేం లేదు. పాలరాతిలో చెక్కినట్టు నుదురు, వంపు తిరిగిన ముక్కు, నవ్వితే ఊళ్ళో ఆడపిల్లలు చేతిలో బిందెలు జారవిడిచే పళ్ళవరస. రాజు వీపున బాణమేసింది ఈ మొహమేనంటే మీరే నమ్మరు, పాపం సైనికులేం నమ్ముతారు?

"తిననీ, దళవాయీ. ఎంత తిన్నా ఆకు ఖాళీ కాక తప్పదు. అంతదాకా ఆగుదాం" అన్నాడు నవ్వుతూ. కళ్ళు మాత్రం వంతెన మీదే ఉన్నాయి. విద్రుమ సగం దాటింది.

"మీ రాకుమారి ఎటు పోతోందో చూడు నాయకా. మామ ఇంటికి. ఎత్తుకుపోయినవాడు పిల్లను మేనమామ ఇంటికి పంపుతాడా?" అన్నాను.

"మంత్రం వేసినావు. ఆ పిల్ల నోట నీ మాట పలికిస్తాండావు. యువరాజు చెప్పినాడు" అన్నాడు దళవాయి. కానీ గొంతులో మునుపటి బిగువు లేదు. నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "చూడు. ముద్ద చేతపట్టి అబద్ధం చెప్తే ఆ అన్నమే గొంతు పట్టుకుంటాదని మా నమ్మకం. ముద్ద పట్టుకో. చిత్రభాను మహారాజును సంపిందెవరు?"

సంగటి ముద్ద అరచేతిలోకి తీసుకున్నాను. "మీ యువరాజు. వీపులో బాణమేసి."

సైనికుల్లో గొణుగుడు లేచింది. దళవాయి చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

"మా రాజు తెలివితక్కువోడు కాదు. పరివారాన్ని ఇడిసి ఒంటిగా ఏంటికి పోయినాడు?"

"దుప్పి వెంట."

"ఆ దుప్పిని తోలిందెవరు?"

నా చదువు సగమే. పిరికితనమూ సగమే. అన్నం మీద మాత్రం నాకు పూర్తి భక్తి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, ముద్దను చూసి వెనక్కి పోయింది.

"ఎవరూ తోలలేదు. ఆ దుప్పి నేనే" అన్నాను.

లోయలో మాటకు రెక్కలుంటాయి. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు 'నేనే, నేనే' అని తిరిగింది. వంతెన ఊగడం ఆగిపోయింది. చూస్తే విద్రుమ నడిమధ్య నిలబడిపోయి ఉంది, రెండు చేతులా తీగలు పట్టుకుని, నావైపు తిరిగి.

"ఏమన్నావు?" అంది. ఆ గొంతు అరుపు కాదు. అరిచినా బాగుండేది.

"ముందు అవతలికి పో తల్లీ! తిట్లన్నీ అక్కడ నుంచి తిట్టు!"

"మూడు రోజులు నా పక్కన నడిచావు. నా తండ్రి కోసం నేను ఏడుస్తుంటే జోకొట్టావు. ఒక్కసారి కూడా..."

"చెబితే నాతో వచ్చేదానివా? నడూ!"

ఆమె నడవలేదు. ఒక అడుగు వేసింది, అదీ నా వైపు. అరిందముడు చేతులు చాచాడు. "రా విద్రుమా! విన్నావుగా వీడి నోటనే. రా, నేనున్నాను!" అన్నాడు, తేనె ఒలకబోస్తూ.

పిల్ల అతని మొహం చూసింది. ఆ చూపులో ఏం కనబడిందో గానీ, గిరుక్కున తిరిగి, కుంటుకుంటూ అవతలి ఒడ్డుకే నడవసాగింది. అమ్మయ్య అనుకున్నాను. నా మీద కోపం ఆమె మడమకు బలమిచ్చింది, ఇంతకుముందు కంటే జోరుగా పోతోంది.

దళవాయి లేచి నిలబడ్డాడు. "తన తప్పు తానే చెప్పుకున్యాడు. ఇంగ మీరు, ప్రభూ. మీరూ ఒక ముద్ద పట్టుకోని చెప్పండి. మా రాజును సంపింది మీరు కాదని."

"ఈ ఎంగిలి విస్తరిలోనా?" అరిందముడి పెదవి వంగింది.

"అంచున ఎంగిలి తగలని సంగటి ఉంది బాబూ. మీలాంటి పెద్దింటి బిడ్డల కోసమే అట్టేపెట్టాను" అన్నాను.

శోణగిరి వాళ్ళ కళ్ళన్నీ తన మీదే ఉన్నాయని అతనికి తెలుసు. వంగి, రెండు వేళ్ళతో చిన్న ముద్ద తీశాడు. రెప్ప వాల్చలేదు. "మామగారిని నేను చంపలేదు" అన్నాడు స్పష్టంగా. ముద్ద నోట్లో వేసుకుని, నమిలి, మింగాడు. అన్నం అతని గొంతు పట్టుకోలేదు. నేను అన్నం మీద అలిగాను.

సైనికులు ఊపిరి వదిలారు. దళవాయి మాత్రం నుదురు ముడేసి, నెమ్మదిగా అన్నాడు: "ఇద్దరూ ముద్ద పట్టుకునే చెప్పినారు. మాకు తెగలేదు. కానీ ప్రభూ, ఇప్పుడు మీరు ఈయన ఉప్పు తిన్యారు. ఉప్పు పెట్టినోడి మీద మీ కత్తి లేవకూడదు, మీ మాట మీద మా కత్తీ లేవకూడదు. పదండి, ఈయన్ని కట్టేసి వజ్రదుర్గానికే తీసుకుపోదాం. పాప నోటితోనే వినేద్దాం."

నేను పడీపడీ నవ్వాను. భుజంలోని ఈటె కూడా నాతో పాటు ఊగింది. అబద్ధం మింగడానికి ఒప్పుకున్నవాడు అందులో ఉప్పుంటుందని లెక్క వేసుకోలేదు!

అరిందముడు కూడా నవ్వాడు. నవ్వుతూనే దళవాయి భుజం మీద చెయ్యి వేసి, దగ్గరికి తీసుకుని, కవచం అతుకు సందున బాకు పిడి దాకా దింపాడు.

"మీ కట్టుబాట్లు మీ పొలాలకు పనికొస్తాయి. నాకు సింహాసనం కావాలి" అన్నాడు అతని చెవిలో.

మల్లమనాయకుడు నా విస్తరి మీద బోర్లా పడ్డాడు. పప్పు మీద, సంగటి మీద, మజ్జిగలో ఎర్రగా పాకింది. అన్నం మీద నెత్తురు! శోణగిరి వాళ్ళకు ప్రపంచం కూలినట్టే. "అన్నం మైల పడింది! దళవాయిని సంపినాడు!" అని ఒకడు గుండెలవిసేలా అరిచాడు. ఆ తర్వాత అక్కడ మనుషులు మాట్లాడలేదు, ఇనుమే మాట్లాడింది. శోణగిరి వాళ్ళు అరిందముడి మనుషుల మీద పడ్డారు. గొడ్డలి పడిన చోట చెయ్యి లేచిపోయింది, ఈటె దిగిన చోట పేగులు జారాయి, ముద్దలో ముద్దగా కలిసిపోయి ఇద్దరేసి ముగ్గురేసి అంచు దాటి లోయలోకి రాలారు. కొందరు దీనంతటికీ మూలం ఈ మాంత్రికుడేనని నా మీదికీ వచ్చారు. వాళ్ళదీ తప్పు కాదులెండి. ఒకడి దవడ మోచేత్తో విరిచాను, ఇంకొకడు నా చెవిలో సగం కొరుక్కుపోయాడు.

ఆ గందరగోళంలో అరిందముడు నా విస్తరిని, దాని మీది పీనుగను ఒక్క గెంతులో దాటాడు. వంతెన మీదకు వెళ్ళలేదు. కత్తి ఎత్తి కుడికంబం తీగను నరికాడు.

వంతెన పక్కకు ఒరిగింది. విద్రుమ కేక వేసి ఒక తీగకు వేలాడింది. ఒడ్డు ఇంకా ఇరవై అడుగులుంది.

నేను దూకి, తెగి జారిపోతున్న తీగ కొసను కుడిచేతికి చుట్టేసుకుని, కాళ్ళు రెండూ కంబానికి తన్నిపెట్టాను. భుజం కీలు టప్పుమంది. "పాకు! పాకు పిల్లా!" అని అరిచాను. ఆమె మోకాళ్ళ మీద పాకింది. అరిందముడు నా వీపు మీద ఒక్క వేటు వేశాడు. చర్మం చిరిగిందో, వెన్నెముక చిట్లిందో చూసుకునే తీరిక లేదు.

"వదులు!" అన్నాడు.

"నా ఉప్పు తిని నన్నే నరుకుతున్నావేరా అల్లుడూ?"

అతను నన్ను వదిలి రెండో తీగకేసి తిరిగాడు. కత్తి మెరిసింది. తీగ తెగింది.

మూడు వందల అడుగుల వంతెన ఒక్కసారిగా నన్ను లాగింది. గాలిపటం తోకలా లేచాను. లేస్తూ లేస్తూ, పోయేవాణ్ణి ఒంటరిగా ఎందుకు పోవాలనిపించి, అరిందముణ్ణి కాళ్ళతో నడుం దగ్గర కత్తెర వేశాను. ఇద్దరం లోయలోకి దూసుకుపోయాం. గద్దలు చెల్లాచెదురయ్యాయి. నది ఒక్కసారి నెత్తి మీదకు వచ్చి మళ్ళీ కాళ్ళ కిందకు పోయింది. అవతలి గోడ పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కటెముకల్ని మూడింటినో నాలుగింటినో పలకరించింది. నా కాళ్ళ పట్టు సడలింది. అరిందముడు జారి, ఆఖరి క్షణంలో నా చీలమండ దొరకబుచ్చుకుని వేలాడాడు.

వంతెన ఇప్పుడు గోడకు వేసిన నిచ్చెన. దాని పై కొసన విద్రుమ రాయి పట్టుకుని, మోచేతులతో డేకి, ఒడ్డెక్కింది. వజ్రదుర్గం నేల మీద నిలబడింది. నా పని అయిపోయింది. కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ తీగలో ఒక్కొక్క పురీ టింగు టింగుమని తెగుతున్న చప్పుడు నిద్ర పట్టనిచ్చేలా లేదు.

ఆమె అంచుకు వచ్చి కిందకు చూసింది. చేతిలో మొలబాకు. చెంపల మీద నెత్తురు, జుట్టు నిండా తీగనార.

"విద్రుమా! తీగ ఇద్దరిని మోయదు! నీ తండ్రిని చావులోకి నడిపించింది వీడే! నన్ను వీడి మీదుగా పైకి పాకనీ, ఆ తర్వాత ఆ బాకుతో వీడి తీగ తెగ్గొయ్యి, నేను నీకు రాజ్యం..." అరిందముడి గొంతు మొదటిసారి చీలింది.

విద్రుమ బోర్లా పడుకుని, నన్ను మోస్తున్న తీగ పై కొస మీద బాకు ఆనించింది. అంత ఎత్తు నుంచి నా వైపే సూటిగా చూసింది.

"ఘటకంఠా" అంది. "నిన్ను చంపాల్సింది నేను. వాడి బరువు కాదు, ఈ తీగ కాదు, నేను. అందాకా చచ్చావంటే ఊరుకోను. ముందు ఆ కాలు విదిలించు."

కింద అరిందముడు బాకు నా పిక్కలో గుచ్చి, దాన్నే మెట్టు చేసుకుని పైకి పాకుతున్నాడు. పళ్ళు బిగించి, రెండో కాలు ఎత్తి, ఆ పాలరాతి నుదుటి మీద నా మడమ దించాను.